మకు మ వత్తు

తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ముప్పై నాలుగేళ్లు తెలుగు పంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. మా బస్తీ ఛత్రినాకలో ఎవరు బోనాల ఫ్లెక్సీ కట్టినా, ఎవరు కిరాణా కొట్టుకు బోర్డు రాయించినా, ముందు నేను చూసి వంక పెట్టాల్సిందే. "వేణుగోపాల్ సార్ వచ్చిండు, ఎర్ర పెన్ను తీస్తడు సూడు" అని కుర్రాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. తప్పును తప్పు అనకపోతే నాకు అన్నం సహించదు.

అలాంటి నేను రూపకు ఎన్నికల ఏజెంటునయ్యాను. రూప నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. కిందటేడు వానాకాలం మా బస్తీ నాలాలో పడి రాజన్న అనే ముసలాయన కొట్టుకుపోయాడు. రెండు రోజులకు గానీ శవం దొరకలేదు. ఆ నాలా మీద పలకలు వేయమని రూప ఏడాదిపాటు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి ఒకరోజు మా ఇంటికొచ్చి, "ఎమ్మెల్యేకు నేనే నిలబడ్త సార్. గెలవకున్నా మంచిదే, గీ నాలా ముచ్చట అందరి నోట్ల పడాలె" అంది.

పార్టీ లేని అభ్యర్థికి ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది ప్రతిపాదకులుగా సంతకాలు చేయాలి. పెద్ద పార్టీవాళ్లకు జడిసి ఎవరూ ముందుకు రాలేదు. నాతో కలిపి తొమ్మిదిమందిని పట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పదో మనిషి రాజన్న భార్య సుందరమ్మ. రోడ్లు ఊడ్చే పనిచేసి మానేసింది. జన్మలో పెన్ను పట్టలేదు, అన్నిటికీ వేలిముద్రే.

"వేలిముద్రయితే ఆఫీసర్ ముందటనే ఎయ్యాలె అవ్వా, నేను తీస్కపోత" అంది రూప.

"ఎందుకు బిడ్డా, మా ముసలోని కోసం నిలబడుతున్నవ్. నా పేరు నేనే రాస్త" అంది సుందరమ్మ. రూప దగ్గర పదిరోజులు కూర్చుని నేర్చుకుంది, రాసింది. ఆఖరి రోజు ఆఖరి గంటలో కాగితాలు ఇచ్చాం. ఆ తొందరలో ఆమె సంతకం నేను చూడలేదు.

పరిశీలన రోజు ఎదుటి పార్టీ వకీలు లేచాడు. ఈవిడ పెన్షన్ కాగితాలన్నిటి మీదా వేలిముద్రే ఉంది, ఈ సంతకం ఇంకెవరో గీకారు అన్నాడు. ఎన్నికల అధికారి కాగితం మా ముందుకు జరిపి, "రేపు పదకొండుకు ఆమెను తీసుకురండి. నా ఎదుట సంతకం చేయాలి" అన్నాడు.

అప్పుడు చూశాను. 'సుందరమ' అని ఉంది. మకు వత్తు లేదు! నాకు ఒళ్లు మండిపోయింది. తన పేరు తానే తప్పు రాసుకుంటే అనుమానం రాక ఏమొస్తుంది?

రూప అటునుంచి అటే డ్యూటీకి పోయింది. నేను తిన్నగా సుందరమ్మ ఇంటికి పోయాను.

"మకు మ వత్తు ఏదమ్మా?" అన్నాను.

"గదేంది సారూ?"

"అది లేకపోతే సుందరమ అయితవు. సుందరమ్మవు కావు."

"గింత కొక్కెం లేకుంటే నేను నేను కానా?" అని బోసినోటితో నవ్వింది. పాత క్యాలెండరు వెనక పొద్దుగూకేదాకా దిద్దించాను. చివరికి ముత్యంలా వచ్చింది వత్తు. శభాష్ అన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడ నళినికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మర్నాడు సుందరమ్మ అధికారి ఎదుట కుర్చీ అంచున కూర్చుని, నాలుక కరుచుకుని, ఒక్కో అక్షరమే రాసింది. వత్తు దగ్గర ఆగి నావైపు చూసింది. తలూపాను. పెట్టింది.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. "దీంట్లో ఉన్న వత్తు దాంట్లో లేదు" అన్నాడు.

"నిన్న సాయంత్రం నేనే దిద్దించానండీ. మొదట రాసింది తప్పు" అన్నాను లేచి.

"సూసిండ్రా సార్? నేర్పించి తెచ్చిండ్రట" అన్నాడు వకీలు.

అధికారి నావైపు జాలిగా చూశాడు. "పెద్దవారు, మీకు నేను చెప్పాలా? సంతకంలో తప్పొప్పులుండవు సార్. కలిసిందా లేదా, అంతే." ప్రతిపాదకులు తొమ్మిదిమందే ఉన్నట్టు లెక్క, నామినేషన్ తిరస్కరిస్తున్నాను అని రాసేశాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

బయట రూప గోడకు ఆనుకుని నిలబడింది. లొల్లి పెడితే బాగుండు, నాలుగు తిడితే బాగుండు అనుకున్నాను.

"వత్తు కష్టమైతదని నేనే నేర్పలే. నన్నొక మాట అడిగితే అయిపోతుండె గద సార్" అంది. ఆ తర్వాత, "మళ్ల ఐదేండ్లు" అంది. బస్సెక్కి డ్యూటీకి వెళ్లిపోయింది.

సుందరమ్మను నేనే ఆటోలో తీసుకొచ్చాను. సంతోష్‌నగర్ దాటాక అడిగింది.

"మంచిగనే రాసిన్నా సారూ?"

"మంచిగ రాసినవమ్మా."

"మరెందుకు కొట్టేసిండ్రు?"

"తప్పు నాదే సుందరమ్మా. నువ్వు ముందు రాసినట్టే రాయనిస్తే సరిపోయేది" అన్నాను.

ఆమె నా చేతిమీద చెయ్యి వేసింది. "ఊకో సారూ. సదువు చెప్పేటోళ్లు తప్పు చేస్తరా? నా చెయ్యే మంచిది కాదు" అంది.

ఎంత చెప్పినా నమ్మలేదు.