మా ఇంటి తవ్వ

మా నాయనమ్మ దుర్గాంబ అడిగినవాళ్ళందరికీ ఆవకాయ పెట్టేది కానీ, కొలతలు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. అలాంటి మనిషిని రెండువేల ఏడు వేసవిలో నేను ఒప్పించాను. అప్పట్లో నేను నందిగామ నుంచి రోజూ బస్సులో జగ్గయ్యపేట వెళ్ళి, ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. నాకొక తెలుగు బ్లాగు కూడా ఉండేది. నెట్ వచ్చాక ఇంకా దాపరికాలేమిటని, ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలని క్లాసులో గొంతు చించుకునేదాన్ని. ఇంట్లోనూ అదే పాట.

"ఎవరు చదువుతారే అది?" అంది నాయనమ్మ.

"లోకమంతా చదువుతుంది."

"లోకమంతా మామిడికాయలు దొరుకుతాయటే?"

నెల రోజులు వెంటపడితే చెప్పింది. పాతిక కాయలకి కిలో కారం, కిలో ఆవపిండి, రెండు తవ్వల ఉప్పు, ముక్క మునిగేదాకా నూనె. "దుర్గాంబ గారి ఆవకాయ" అని పేరు పెట్టి బ్లాగులో రాశాను. తవ్వంటే ఎంతండీ అని ఎవరో అడిగారు. నాయనమ్మని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అరలీటరు అని రాసి పారేశాను. పాఠాలు చెప్పేదాన్ని కదా, తెలియదనడం చేతకాదు.

మొదట పొగడ్తలు వచ్చాయి. వారం తిరిగేసరికి తిట్లు మొదలయ్యాయి. మూడో రోజు తిరగేసి నోట్లో వేసుకుంటే ఒట్టి ఉప్పు అని ఒకావిడ. జాడీకి జాడీ పారబోశామని ఇంకొకావిడ. తనకి వంటే సరిగ్గా రాదని అత్తగారు దెప్పుతోందని ప్రమీలారాణి అనే అమ్మాయి. "పెద్దావిడ కదా, నాలుక రుచి తప్పి ఉంటుంది" అని ఒక మహానుభావుడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆదివారం పొద్దున నాయనమ్మ చింతపండు గింజ తీస్తుంటే పక్కన కూర్చుని అన్నీ చెప్పాను.

"నా ఆవకాయలో ఉప్పెక్కువా!" అంది. చింతపండు చేతులతోనే లేచి నిలబడింది. "వాళ్ళకి కొలవడం రాదు, అంతే."

"తవ్వంటే అరలీటరని విడమరిచి కూడా చెప్పాను నాయనమ్మా."

"అరలీటరని నీతో ఎవరన్నారు?"

ఆ మాట అని, తనే ఆగిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నా చిన్నప్పటి నుంచి ఉప్పు జాడీలోనే ఉండే ఇత్తడి తవ్వ తెచ్చి నా ముందు పెట్టింది. అరలీటరు సీసాతో నీళ్ళు పోశాను. తవ్వ నిండిపోయింది. సీసాలో పావు వంతు మిగిలింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే అడుగు పైకి ఉబ్బి తగిలింది. తిరగేస్తే అడుగున సుత్తి దెబ్బలు.

"మీ తాతయ్య కొట్టు పెట్టిన కొత్తలో చేసిన పని అది," అంది నాయనమ్మ. గొంతు బాగా తగ్గించింది. "నేను కాపరానికొచ్చిన రెండో నెల్లో బియ్యం కొలవబోతే చేతికి తెలిసింది. ఏమీ అన్లా. కొంగులో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చేసా. కొట్లోకి కొత్తది తెచ్చుకోండి, ఇది నాక్కావాలన్నా. ఆ రోజంతా ఆయన నా మొహం చూళ్ళా. మళ్ళీ ఎప్పుడూ ఆ పని చెయ్యలేదే. యాభై ఆరేళ్ళయింది. కొలిచీ కొలిచీ నాకిదే తవ్వయిపోయింది."

గుమ్మంలో నాన్న నిలబడి ఉండటం మేం చూడలేదు. తాతయ్య పోయాక కొట్టు నడుపుతున్నది ఆయనే. బోర్డు మీద ఇప్పటికీ "పుల్లయ్య కిరాణా" అనే ఉంటుంది.

"రెండు తవ్వలు తీసేసి ముప్పావు లీటరని రాసెయ్యి," అన్నాడు నాతో. "ఎందుకు మార్చావని ఎవడూ అడగడు."

నిజం చెప్పొద్దూ, నాకూ అదే బాగుందనిపించింది. లోకానికి దాపరికం కూడదని అన్నేసి పాఠాలు చెప్పినదాన్ని, మా గుమ్మం దాకా వచ్చేసరికి నాన్న పక్షం చేరాను. బ్లాగులో అదొక సుఖం. రాసింది చెరిపి, మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు కనిపించేలా చేయొచ్చు.

"మార్చేస్తే సరిపోతుందటరా?" అంది నాయనమ్మ. "పారబోసుకున్నవాళ్ళు తమ చేతిదే తప్పనుకోరూ? ఆ అత్తగారు దెప్పుతూనే ఉంటుంది."

"నాన్న పరువమ్మా!" అన్నాడాయన.

"ఆయన పరువు యాభై ఆరేళ్ళు ఉప్పు జాడీలో దాచింది నేనే. నాకు చెప్పకు." కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "రాయవే. ఆయన మానేశాడన్నది కూడా రాయి. అది మర్చిపోకు."

ఆ క్షణంలో మా నాయనమ్మ మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. తను చెబుతుంటే ఒక్క ముక్క మార్చకుండా రాశాను. తవ్వ సంగతి, సుత్తి సంగతి, ఆయన మానేసిన సంగతి. ఉప్పెక్కువైన జాడీలో, ఉప్పు లేకుండా కారం, ఆవపిండి పట్టించిన ఇంకో ఎనిమిది కాయల ముక్కలు కలుపుకోమని కూడా రాయించింది. నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

కొందరు మెచ్చుకున్నారు, కొందరు వెక్కిరించారు. అత్తగారికి చదివి వినిపించానని ప్రమీలారాణి రాసింది. అయిదో రోజు పరిటాల నుంచి ఇశ్రాయేలు అనే రిటైర్డ్ మాస్టారు రాసిన కామెంటు కనిపించింది. కాలేజీలోనే కాగితం మీద ఎక్కించుకుని వచ్చి నాయనమ్మకి చదివాను.

"అమ్మా, నా చిన్నతనంలో మా అమ్మ నందిగామలో మీ కొట్లోనే గింజలు కొనేది. ఇంటికొచ్చి వండబోయేటప్పుడు ఒక పూటకి తక్కువొచ్చాయని గొణిగేది. మా నాన్న నమ్మేవాడు కాదు. దారిలో ఒలకబోసి అబద్ధమాడుతున్నావని కేకలేసేవాడు. నీకు లెక్క రాదమ్మా అని నేనూ నవ్వేవాణ్ణి. అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. నిన్న మీరు రాసింది ఆవిడ ఫొటో ముందు నిలబడి పైకి చదివాను."

నాన్న కూడా వింటున్నాడు.

"ఆవిడ పేరేంటో అడగవే," అంది నాయనమ్మ.

అడిగాను. మర్నాటికి జవాబు వచ్చింది. జయమణి.

నాయనమ్మ ఆ పేరు రెండుసార్లు మెల్లగా అనుకుంది. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఒకే ఒక్క వాక్యం రాయించింది. కింద తన పేరు పెట్టబోతుంటే, నాన్న దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కొట్టు పేరు కూడా పెట్టు," అన్నాడు.

జయమణి గారి లెక్క సరైనదే. దుర్గాంబ, పుల్లయ్య కిరాణా, నందిగామ.