గొడుగు విప్పి చెప్పిన మాట

పొద్దున తొమ్మిదింటికి జిరాక్స్ షాపు షట్టరు ఎత్తగానే దారం బాబాయి చేసే మొదటి పని కాపీ మిషన్ మీద ప్లాస్టిక్ కవరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. రెండో పని, గుమ్మం పక్కన మేకులకి వేలాడే ఆరు గొడుగుల్నీ లెక్కపెట్టుకోవడం. టీ ఆ తర్వాతే. దర్జీ కొట్టుకీ క్షౌరశాలకీ మధ్య ఇరుక్కున్న ఆ గదిలో ఎవరైనా అబద్ధమాడితే పైకప్పులోంచి వాన పడుతుంది మరి. చిన్న అబద్ధానికి నాలుగు చినుకులు, పెద్దదానికి జల్లు. తెలియక తప్పు చెప్తే పడదు, తెలిసి చెప్తేనే. అద్దె కాగితంలో కూడా ఒక ఫ్యాను, రెండు ట్యూబులైట్లు, వాన అని వరసగా రాసే ఉంది.

వీధిలో వాళ్ళకిది మామూలే. "ఒక్క పేజీయే బాబాయ్, నిమిషం పని" అంటూ వచ్చి సంచీలోంచి నూట యాభై పేజీలు తీసేవాళ్ళు తల తుడుచుకుంటూనే తీస్తారు. ఫొటో కాపీ చేతికిస్తూ "భలే ఉన్నారండీ" అనడం బాబాయి మానేసి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు "ఉన్నారు" అని ఊరుకుంటాడు. అయినా పాపం, నోరు ఊరుకోదు కదా! కబుర్ల మనిషి. ఏదో ఒకటి కోసేస్తాడు, తడిసిపోతాడు, నవ్వుకుంటూ తువ్వాలు అందుకుంటాడు.

దారం బాబాయి అన్న పేరు ఊరికే రాలేదు. కాపీ తీసిన కాగితాల్ని ఎర్రదారంతో కట్ట కట్టి ఇస్తాడు. నాలుగు చుట్లు, ఒక ముడి, ఆ ముడి నెత్తిన ఇంకో బుల్లి ముడి, కొసలు రెండూ లోపలికి దోపి నొక్కడం. దాన్ని వేళ్ళతో విప్పిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. పక్కనే ఉన్న దర్జీ దగ్గర కత్తెర అడుక్కోవాల్సిందే.

షాపులో ఓ మూల, చిన్న రేకు పందిరి కింద, కంప్యూటరూ స్కానరూ ఉంటాయి. అది కూతురి రాజ్యం. బాబాయి అటువైపు పెద్దగా వెళ్ళడు. ఆయన దగ్గరో చార్జింగు ఫ్యాను ఉంది, అరచెయ్యంత. దాని కేబులూ స్కానరు కేబులూ కవల పిల్లల్లా ఉంటాయి, రెండూ నల్లవే. అందుకని కూతురు స్కానరు కేబులుకి ఓ ఎర్రదారప్పోగు కట్టి పెట్టుకుంది.

ఆ రోజు ఆ స్కానరే మొరాయించింది.

మొరాయించడానికి ఇంకో రోజే దొరకలేదు దానికి. రాత్రంతా రైల్లో కూర్చుంటే వచ్చే పెద్ద నగరంలో ఒక గ్రంథాలయం ఉంది. చెదలు తిన్న పుస్తకాల్నీ, ముట్టుకుంటే పొడైపోయే కాగితాల్నీ బాగుచేసే పని అక్కడ రెండేళ్ళు నేర్పి, ఉద్యోగం కూడా ఇస్తారు. కూతురికి కాగితాలంటే ప్రాణం. మూడేళ్ళుగా ఆ ప్రకటన కోసమే కాచుక్కూచుంది. దరఖాస్తుకి ఆ సాయంత్రం అయిదు గంటలు గడువు. డిగ్రీ పట్టా చేతికొచ్చిందేమో ముందురోజు. పట్టాని స్కాన్ చేసి జతపరచాలి. ఫోనుతో తీసిన ఫొటోని అవతలి వాళ్ళు రెండుసార్లు తిప్పికొట్టారు, అంచున నీడ పడిందని. వీధి చివర నెట్ సెంటరు పోయిన నెలే మూతపడింది. ఉన్నదల్లా ఈ స్కానరే.

స్కానరు మీద పచ్చ దీపం చక్కగా వెలుగుతోంది. కంప్యూటరు మాత్రం "స్కానరు దొరకలేదు" అంటోంది. కూతురు కేబులు పీకి మళ్ళీ పెట్టింది. ఇంకో రంధ్రంలో పెట్టింది. నాలుగు రంధ్రాలూ అయిపోయాయి. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది, ఆ ముసలి మిషను లేచి కళ్ళు నులుముకునేసరికి పావుగంట. స్కానరు సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తగా ఎక్కించింది. దొరకలేదు. పక్కనే ఉంది కదే, నీ మొహం ఎదురుగానే ఉంది కదే అని కంప్యూటర్ని తిట్టింది. అయినా దొరకలేదు.

రెండింటికి కంప్యూటర్ డాక్టరు వచ్చాడు. రిపేరు చేసే కుర్రాడు తనకి తనే పెట్టుకున్న పేరది. నుదుటి మీద చిన్న టార్చి, చేతిలో పెట్టె.

"ఏం కంగారు పడకు చెల్లెమ్మా. ఇలాంటివి రోజుకి పది చూస్తాను" అన్నాడు.

చొక్కా భుజం తడిసింది.

"వారానికి పది." ఇంకో రెండు చినుకులు. "అబ్బా! నెలకి రెండు..." చినుకు ముక్కు మీద పడింది. డాక్టరు పైకి చూసి దణ్ణం పెట్టాడు. "సరే. ఒక్కటే చూశాను. అదీ బాగవలేదు." వాన ఆగింది.

"చెప్పావు కదా, ఇక పని చూడు" అని నవ్వారు మేష్టారు. ఆయన రిటైరయ్యాక తన జీవిత చరిత్ర రాసుకుంటున్నారు. మూడొందల పేజీలు కాపీ తీయించడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఈ షాపులో రాతలకి వాన పడదు, చదివితేనే పడుతుంది. అందుకని ఆయన తన పుస్తకాన్ని ఇక్కడ పైకి చదవరు.

డాక్టరు నిజంగానే కష్టపడ్డాడు. పరికరాల పట్టిక తెరిచి పైనుంచి కిందికి వెతికాడు. కరెంటు పొదుపు చేసే మీట ఆపాడు. ఇంత వానలో తడి చేరిందేమోనని టార్చి వేసి రంధ్రాల్లోకి తొంగి చూశాడు. పొడిగానే ఉన్నాయి. చివరికి గడ్డం గోక్కుంటూ "ఓసారి కేబులు మార్చి చూద్దామా?" అన్నాడు.

"కేబులు మంచిదే అన్నయ్యా. స్కానరుదే. ఎర్రదారం ఉంది చూడండి."

డాక్టరు చూశాడు. ఎర్రదారం ఉంది. ఇంకేముంది, కేబులు జోలికి మళ్ళీ ఎవరూ పోలేదు. సాఫ్ట్‌వేరుని ఇంకోసారి తీసి, ఇంకోసారి ఎక్కించారు.

దారం బాబాయి మాత్రం మేష్టారి కాగితాలకి దారం చుడుతూ కూర్చున్నాడు. ఒక కట్టకి నాలుగు చుట్లు చాలు, తొమ్మిది చుట్టాడు.

"ఏమయ్యా, ఏమొచ్చింది ఆ స్కానరుకి?" అడిగారు మేష్టారు.

"దీపం వెలుగుతోందిగా మేష్టారూ" అన్నాడు బాబాయి. చినుకు లేదు.

"అమ్మాయి వెళ్ళిపోతే షాపెలా నడుపుతావు?"

"మీవి మూడొందల పేజీలా, మూడొందల పదా?" అన్నాడు బాబాయి. దానికీ చినుకు లేదు.

మూడున్నరకి పిన్ని క్యారేజీ పట్టుకొచ్చింది. పిన్నంటే బాబాయి భార్య. గుమ్మంలోనే గొడుగు విప్పి, లోపలికొచ్చి, చుట్టూ చూసి గొడుగు మూసింది. కూతురి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. డాక్టరు బల్లకింద ఉన్నాడు. పిన్ని ముందు మొగుడి భుజం ముట్టుకుంది, తర్వాత తువ్వాలు ముట్టుకుంది. రెండూ పొడి.

"ఏమండీ, పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా తడవలేదా?"

బాబాయి క్యారేజీ మూత తీయడంలో మునిగిపోయాడు.

"ఇరవై ఏళ్ళుగా రోజూ రెండేసి తువ్వాళ్ళు ఆరేస్తున్నాను" అంది పిన్ని అందరితోనూ. "మధ్యాహ్నం దాకా ఈయన పొడిగా ఉన్న రోజు నేనెరగను. ఈ మనిషి నోరు కట్టేసుకున్నాడంటే లోపల ఏదో ఉంది."

కూతురు తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆయన వేళ్ళ వైపు చూసింది. వేళ్ళలో దారం ఉండ. తర్వాత కేబులు చేతిలోకి తీసుకుని ఎర్రదారాన్ని దగ్గరగా పట్టి చూసింది. ఒక ముడి, దాని నెత్తిన ఇంకో బుల్లి ముడి, లోపలికి దోపి నొక్కిన కొసలు.

ఆ అమ్మాయికి అలాంటి ముడి రాదు. చిన్నప్పట్నుంచీ నేర్పినా రాలేదు. తను కట్టింది ఉత్త పిచ్చి ముడి.

"నాన్నా, ఈ ముడి ఎవరు వేశారు?"

డాక్టరు బల్లకిందనుంచి తల బయట పెట్టాడు. బాబాయి లేచాడు. గుమ్మం దాకా నడిచి, మేకుకి ఉన్న గొడుగుల్లో పెద్దది ఎంచి తీసుకున్నాడు. శుభ్రంగా విప్పుకుని, దాని కింద నిలబడి, అప్పుడన్నాడు:

"నాకేం తెలీదు."

అబ్బబ్బ, ఏం వాన! గొడుగు మీద దబదబా మోగింది. మేష్టారు జీవిత చరిత్రని పొట్టకింద పెట్టుకుని ముడుచుకున్నారు. క్యారేజీలో పప్పు పలచనైంది.

"నాన్నా!"

"నేనేనమ్మా, నేనే" అన్నాడు బాబాయి. వాన ఠక్కున ఆగింది. "పోయిన నెల నా ఫ్యాను కేబులు నీ స్కానరుకి పెట్టానని అరగంట తిట్టావు, గుర్తుందా? ఈ తీగలో కరెంటు మాత్రమే వెళ్తుంది నాన్నా, మాట వెళ్ళదు, దీపం వెలుగుతుంది గానీ కంప్యూటరుకి దీని కబురు అందదు అన్నావు. నా జన్మకి నేను నేర్చుకున్న కంప్యూటరు విద్య అదొక్కటే." తలవంచుకున్నాడు. "రాత్రి నువ్వు పెట్టె సర్దుకోవడం చూశాను. పొద్దున్నే వచ్చి కేబుళ్ళు ఇటుదటు మార్చి, నీ దారం తీసి నా ఫ్యాను కేబులుకి కట్టాను. ఇవాళొక్కరోజు గడిస్తే చాలనుకున్నాను."

బాబాయి బల్ల మీద బుల్లి ఫ్యాను హాయిగా తిరుగుతోంది, స్కానరు కేబులుతో.

కూతురు ఆ కేబులు పీకి తెచ్చి స్కానరుకి పెట్టింది. కంప్యూటరు టింగుమంది. "స్కానరు దొరికింది" అని తెర మీద వచ్చింది. డాక్టరు "నేనూ అదే అనుకున్నా" అనబోయి, పైకి చూసి, నోరు మూసుకున్నాడు.

ముసలి కంప్యూటరు మూలుగుతూ గంట తీసుకున్నాక పట్టా స్కానయింది. జతపడింది. నాలుగూ నలభై అయిదు. "పంపించు" అన్న మీట మీద బాణం నిలబడింది, కూతురి వేలు మౌసు మీద నిలబడింది. వేలు కదలదు.

"ఏమైందే? నొక్కు!" అంది పిన్ని.

"నన్ను పంపడం ఇష్టంలేక నాన్న ఇంత పని చేశాడు. ఇలా వదిలేసి నేనెలా వెళ్ళనమ్మా? అక్కడికెళ్ళి కూడా ఇదే గుర్తొస్తుంది నాకు." "నాన్నా, నువ్విక్కడే, ఈ షాపులోనే చెప్పాలి. నేను లేకపోతే ఏమైపోతావు?"

"నాకేం ఫర్వాలేదు తల్లీ, నిశ్చింతగా వెళ్ళిరా" అన్నాడు బాబాయి.

కుండపోత. ఈసారి గొడుగు తీసుకోవడం కూడా మర్చిపోయాడు. తలమీంచి నీళ్ళు కారుతుంటే ఆయన పైకప్పు వైపు కోపంగా చూశాడు.

"సరే, కొంచెం బాధగా ఉంటుంది." వాన తగ్గలేదు. "బాగానే ఉంటుందిలే బాధ." కాస్త తగ్గింది. "కానీ వేళకి తింటాను..." మళ్ళీ ఊపందుకుంది.

"ఆ మాట వెనక్కి తీసుకోండి. తినిపించే పూచీ నాది" అంది పిన్ని గొడుగు కిందనుంచి.

"స్కానరు పని నేను నేర్చుకుంటాను." ధారలు! డాక్టరు పట్టాని లాగి పందిరి కింద దాచి, "నేను నేర్పుతాను బాబాయ్, రోజూ వచ్చి" అని అరిచాడు. అతని మీద ఒక్క చినుకు పడలేదు. అందరికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయింది అతనే.

"నాలుగూ యాభై అయిదు" అన్నారు మేష్టారు.

"పదిరోజుల్లో అలవాటు పడతాను" అన్నాడు బాబాయి. జల్లు. "నెల." జల్లే. "రెండు నెలలు. మూడు! ఏమయ్యా, మూడు చాలవా?" చినుకులు. బాబాయి మొహం తుడుచుకున్నాడు. వాన నీళ్ళో, ఆయన సొంతవో చెప్పడం కష్టం. "ఆర్నెల్లు. ఆర్నెల్లు ఏడుస్తానమ్మా. నీ కుర్చీ చూసినప్పుడల్లా ఏడుస్తాను. తర్వాత వీధిలో కనపడ్డవాణ్ణల్లా ఆపి మా అమ్మాయి ఏం పని చేస్తుందో తెలుసా అని వాణ్ణి చంపుకు తింటాను."

వాన ఆగింది.

అయిదుగురూ పైకి చూశారు. కూతురు చెయ్యి చాపి పట్టింది. అరచేతిలో ఒక్క చుక్క పడలేదు.

"నొక్కనా నాన్నా?"

"నొక్కు."

ఆ మాటకీ పడలేదు. నాలుగూ యాభై ఎనిమిదికి ఆమె నొక్కింది.

మూడు వారాలకి రమ్మని కబురొచ్చింది. బయల్దేరే రోజు ఆమె కాగితాలన్నీ బాబాయే కట్ట కట్టాడు, ఎర్రదారంతో, నాలుగు చుట్లు. డాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిదో దరఖాస్తు నింపుతున్నాడు. కట్ట చేతికిస్తుంటే కూతురు నవ్వింది.

"కత్తెర కూడా ఇవ్వు నాన్నా. అక్కడ దర్జీ ఎక్కడ దొరుకుతాడో ఏమో."

"అక్కర్లేదులే" అన్నాడు బాబాయి.

చినుకు పడుతుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆగింది. పడలేదు. దారం కొస పట్టుకుని మెల్లిగా లాగి చూసింది. ముడి విడిపోయింది.