ఆమె పక్క స్పీకరు

షెడ్డు రేకుల మీద వాన సన్నగా, తొందరేమీ లేనట్టు పడుతోంది. కారు నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. ముందు సీట్లో, ఎప్పుడూ కూర్చునే ఎడమ పక్కనే, ఆవిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. స్టీరింగు ముందు సీటు కిందటి వానాకాలం నుంచీ ఖాళీ. ఇవాళ తమ్ముడు అందులో కూర్చుని ఇక్కడిదాకా నడుపుకొచ్చినా, దారంతా ఆవిడ అటు చూడలేదు.

సాయంత్రం తమ్ముడు ఈ కారుని తన ఊరికి తీసుకుపోతాడు. వద్దని ఆవిడ అనలేదు. నడపడం రాని మనిషి కారుని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటుంది? కోరిక ఒక్కటే. అది వెళ్ళిపోయేలోపు ఒక్కసారి, తన సీట్లో, తన పక్క స్పీకరులోంచి పాట వినాలి.

ఆయన యాంప్లిఫయరు కొని, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా బిగించుకున్న రోజు నుంచీ పాటంతా ఆయన పక్కనే మోగేది. ఆవిడ పక్కన మాత్రం ఎవరో గోడకి అవతల కూనిరాగం తీస్తున్నట్టుండేది. ఇదేమిటని అడిగితే, "పాట నీకెందుకు, నువ్వు మాట్లాడు" అనేవాడు. తన వాగుడు మీద వేసిన చురక అది, అనుకునేది ఆవిడ. మనిషి పోయాక కూడా ఆ చురక చల్లారలేదు.

ఈ షెడ్డులో స్పీకర్లు బాగుచేసే అతన్ని అందరూ గుయ్యిమాస్టారంటారు. అతను బిగించిన కారు వీధిలో పోతే గూబ గుయ్యిమంటుందని ఆ పేరు. మనిషి మాత్రం రహస్యం చెబుతున్నట్టు మాట్లాడతాడు. డ్రైవరు సీటు కింద నుంచి యాంప్లిఫయరుని బయటికి లాగి, పాట పెట్టాడు. అటు పక్క స్పీకరులో గొంతు పాతగుడ్డ చిరిగినట్టు బరబరమంది.

"ఇదిగోనమ్మా, అటు పక్క గెయిన్ స్క్రూ చివరిదాకా తిప్పేశారు. దీన్ని చాలామంది వాల్యూమ్ అనుకుంటారు. ఎక్కువ తిప్పితే సౌండు పెరిగినట్టే ఉంటుంది గానీ పాట పగిలిపోతుంది."

"మరి నా పక్క?"

"మీ పక్కది మొత్తం దించేశారు."

"బావ ధీమా అలాంటిది," అన్నాడు వెనక సీట్లోంచి తమ్ముడు. "ఒక బల్బు మార్చబోయి ఇల్లంతా చీకటి చేసిన మనిషి."

"నువ్వైతే ఆ బల్బు ఎటు తిప్పాలో కూడా అడుగుతావు. ఊరుకోరా."

గుయ్యిమాస్టారు టార్చి వేసి వంగి చూశాడు. "తెలీక చేసింది కాదమ్మా ఇది. రెండు స్క్రూల దగ్గరా చుక్క పెట్టుకున్నారు, కదిలితే తెలియడానికి. మేమైతే పెయింటు పెడతాం. ఇది గోళ్ళ రంగులా ఉంది."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. దానిమ్మగింజ ఎరుపు. ఎప్పుడో అద్దం ముందు నుంచి మాయమైపోయిన తన సీసాలోదే.

"ఆ సీసా నీ పెళ్ళాం తీసిందనుకున్నాను రా."

"అందుకా, అప్పట్లో దాంతో అన్నాళ్ళు మాట్లాడలేదు! పాపం, అది తన వంట బాగాలేదేమోనని ఏడ్చింది."

"వంట కూడా బాగాలేదులే."

గుయ్యిమాస్టారు నవ్వి, మళ్ళీ ఆ చుక్కల మీద టార్చి వేస్తూ అడిగాడు. "ఆయనకి చెవి ఏమైనా తేడానా అమ్మా?"

"కుడిది. ప్రింటింగు ప్రెస్సులో మిషను పక్కన నిలబడి నిలబడి మొద్దుబారిపోయింది. ఇంట్లో ఎప్పుడు పిలిచినా ఎడమ పక్కకి వెళ్ళే..."

ఆవిడ స్టీరింగు వైపు తిరిగింది.

కారులో ఆయనకి ఎడమ పక్కన ఉండేది తనే. పాటని మొద్దుచెవికి వదిలేసి, వినపడే చెవిని ఆయన ఆవిడ మాటలకి అట్టేపెట్టాడు. మలుపుల దగ్గర ఆయన తల ఇటు వాలేది. మెడనొప్పేమోనని తైలం కూడా రాసింది.

"సరిచేసేయమంటారా?" అన్నాడు గుయ్యిమాస్టారు, ఇంకా మెల్లిగా.

ఆవిడ తలూపింది. అతను బేస్ బూస్ట్ తీసేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, రెండు స్క్రూలూ కిందికి దించాడు. ఒక్కోదాన్నీ నెమ్మదిగా పైకి తెస్తూ, గొంతు పగలబోయే చోట ఆపి, రవంత వెనక్కి తిప్పాడు.

పాట వచ్చింది. గోడ తొలగిపోయి, పాడేవాళ్ళు మోకాళ్ళ దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుంది. పదానికీ పదానికీ మధ్య తీసుకున్న ఊపిరి కూడా వినిపిస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. కారు కదిలింది. తడిసిన రోడ్డు కిటికీలో వెనక్కి జారుతోంది. దీపాలు నీళ్ళలో పొడుగ్గా సాగుతున్నాయి. కుడి పక్కన చొక్కా గుడ్డ కరకరలాడింది, ఆయన తల ఇటు వాలింది. చెప్పకుండా ఉండిపోయినవన్నీ పెదాల మీదికొచ్చాయి. "ఇదిగో, మీరు లేకపోయాక ఇంట్లో..." అంది.

"ఏంటమ్మా? పాటలో వినపడలేదు."

కళ్ళు తెరిచింది. స్టీరింగు ముందు గుయ్యిమాస్టారు. కారు షెడ్డులోనే ఉంది.

"నా పక్కది మళ్ళీ దించెయ్ నాయనా."

"ఇంత బాగా వచ్చాకా?"

"ఆ ఎర్ర చుక్క దగ్గర పెట్టు. అటు పక్కది నువ్వు పెట్టినట్టే ఉండనీ. మా వాడికి చెవులు రెండూ బాగానే ఉన్నాయి. వినడమే రాదు."

అక్కని ఇంటి దగ్గర దింపి అటునుంచటే వెళ్ళిపోవాలని తమ్ముడి ఆలోచన. వాన ఇంకా పడుతూనే ఉంది. కొంతదూరం పోయాక అన్నాడు. "అక్కా, నీ పక్క దించమన్నావు గానీ, పాట సరిగ్గా రావడం లేదే."

"పాట నాకెందుకురా. మీ బావ పోయాక సంగతులు ఎవరికీ చెప్పలేదు. విను."

మొదలుపెట్టింది. వంటింట్లో రెండో కంచం ఎందుకు కడుగుతోందో చెప్పింది. మంచానికి ఏ పక్క పడుకుంటోందో చెప్పింది. ఇంటి మలుపు వచ్చింది. తమ్ముడు కారుని తిప్పకుండా తిన్నగా పోనిచ్చాడు. ఆవిడ చూసింది గానీ, మాట ఆపలేదు.