మంగళవారం చూపిస్తున్న ఇంజన్

చౌడమ్మ నడిపే ఎక్స్‌కవేటర్ తెర మీద ఇంజన్ వేడి కనబడాల్సిన చోట ఈ పొద్దు ‘మంగళవారం’ అని పడుతోంది. ఆయిల్ ఒత్తిడి దగ్గర ‘పరవాలేదు’ అని ఉంది. పైకెత్తిన బకెట్ మూడు రోజులుగా దిగడం లేదు.

దస్తగిరి తెర చూసి తలాడిస్తాడు. పెద్ద బండ్ల కరెంటు పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్న మనిషి. ఏనుగు ఎగిరిందంటే రెక్కలెన్ని అని అడిగే రకమే గానీ, నోరెళ్లబెట్టే రకం కాదు. కిందటి నెల ఒక రోలరు డీజిల్ ముల్లు దగ్గర డ్రైవరు మేనత్త పేరు చూపించింది. వైరు మార్చగానే సర్దుకుంది.

చౌడమ్మకు మాత్రం ప్రాణం గుప్పిట్లో ఉంది. కాలువంతా తవ్వేశారు. చివర పది గజాల మట్టికట్ట మిగిలింది. కట్టకు దిగువన ఆరు ఊళ్లు, అందులో ఒకటి ఆమెది. ట్యాంకరు వస్తే స్నానం, రాకపోతే తడిగుడ్డ, అదీ అక్కడి బతుకు.

“అన్నా, డ్యాంలోంచి నీళ్లు తెల్లారే బయల్దేరినాయంట. మధ్యాన్నానికి ఈడికొస్తాయి. దావ లేకుంటే పక్క కాలవకి మళ్లుకుంటాయి” అంటుంది.

దస్తగిరి ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. కోడ్ నూట పది, పక్కన రెండు. నూట పది అంటే ఇంజన్ నీళ్ల వేడి చూసే సెన్సర్. రెండు అంటే అది చెప్పేదానికి పొంతన లేదని, అది కుదిరేదాకా బండి బకెట్‌ను కదలనివ్వదని.

ఆ సెన్సర్‌ను చౌడమ్మ ఇప్పటికే రెండుసార్లు మార్చింది. కోడ్ ఎవరి పేరు చెబితే వాళ్లను పీకెయ్యడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటే. కబురు తెచ్చినవాణ్ణి కొట్టినంత మాత్రాన కబురు మారుతుందా? తీసేసిన సెన్సర్లు రెండూ తుమ్మచెట్టు నీడలో అలిగి కూర్చున్నాయి. దస్తగిరి వాటిని పలకరిస్తే అటు తిరుగుతాయి.

సెన్సర్‌ను తప్పుబట్టే ముందు దాని తీగ పట్టుకుని నడవాలని దస్తగిరికి గురువు నేర్పాడు. దస్తగిరి తీగ పట్టుకుని ఇంజన్‌లోకి దూరి నడుస్తాడు. ఇంజన్ గది సాగుతూ పోతుంది. అరగంటయినా తీగ తెగదు. దారిలో గాలి సెన్సర్ బట్టలారేస్తూ కనిపిస్తుంది. ఆయిల్ సెన్సర్ మంచం మీద నుంచి లేచి, ఇంకో మలుపు తిరిగితే నువ్వు వెతికేది వచ్చేస్తుందని దారి చెబుతుంది.

మలుపు తిరగ్గానే తీగకు చుట్టిన నల్లటేపు కనబడుతుంది. చుట్టు చివర ఎడమవైపు ఒక మెలిక. ఆ మెలిక వేసేది జిల్లా మొత్తంలో ఒక్కడే. దొంగకు తేలు కుట్టినట్టయి దస్తగిరి టేపు విప్పుతాడు.

లోపల బియ్యపుగింజంత రెసిస్టరు, చారల చొక్కా తొడుక్కుని ఫోను చెవిన పెట్టుకుని ఉంది. నాలుగేళ్ల కిందట సెన్సర్ దొరక్క పని ఆగిపోతుంటే, వేడి ఎంతున్నా బాగుందని చెప్పమని దాన్ని అక్కడ కూర్చోబెట్టింది ఆయనే. అప్పట్నుంచి అసలు సెన్సర్లు ఎంత మొత్తుకున్నా ఆ మాట దీన్ని దాటి పోలేదు.

“ఒక్కరోజుకే అంటివి” అంటుంది రెసిస్టరు. “నాకు వేడి తెలీదు సామీ. బాగుంది, బాగుంది అని చెప్పీ చెప్పీ సిగ్గేసింది. మూణ్ణాళ్లుగా వారం పేరు చెప్తాండా. అదైతే అబద్ధం కాదు.”

దస్తగిరి దాన్ని తీసి జేబులో వేసుకుని తీగల కొసలు కలపబోతాడు. అవి ఒకదాన్నొకటి చూసుకోకుండా ముఖాలు తిప్పుకుంటాయి. పట్టకారుతో బలవంతం చేసినా దగ్గరికి రావు. సాక్షి లేకుండా కలవం అన్నట్టున్నాయి.

ఆయన కొసలు రెండూ చేతబట్టుకుని, తీగను వెంట లాక్కుంటూ బయటికి వస్తాడు. నీళ్లు అప్పటికే వచ్చి కట్ట అవతల నిలబడ్డాయి. ఒక కాలు పక్క కాలువ వైపు పెట్టి ఉన్నాయి. ఇంకో పావుగంట ఆగుతాయేమో, అంతే.

చెప్పకుండా ఎలాగోలా టేపు చుట్టేద్దామా అని ఆయనకు అనిపించలేదంటే అది నిజం కాదు. పోయిన ఎండాకాలం చౌడమ్మ ఇదే తావులో, బండి కాలిపోతోంది, సీటు కింద నిప్పులున్నట్టుంది అని మొత్తుకుంది. తెర మీద బాగుందని ఉంది కదా, నీ భ్రమ తల్లీ అని నలుగురిలో నవ్వింది ఈయనే. ఆ వేడికి ఆమె అరికాళ్లు బొబ్బలెక్కిన సంగతి ఆయనకు తెలుసు.

“చౌడమ్మా, నేనే పెట్టినా దీన్ని. ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజం. నేను నవ్వింది తప్పు” అని రెసిస్టరును అరచేతిలో చూపిస్తాడు.

చౌడమ్మ దాన్ని చూస్తుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి గానీ కారవు.

“అయితే నాకు పిచ్చి లేదు” అంటుంది. “ఏడాదిగా నన్ను నేనే నమ్మలేదన్నా.”

దస్తగిరి చేతుల్లో తీగలు వాటంతట అవే పెనవేసుకుంటాయి. తుమ్మచెట్టు కింద సెన్సర్లు లేచి దుమ్ము దులుపుకుంటాయి. బండి ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, నాలుగు ఎండాకాలాల వేడిని ఆవిరిగా వదులుతుంది. అది పైకిపోయి మబ్బై వాళ్లిద్దరికీ నీడనిస్తుంది. తెర మీద ఎనభై రెండు డిగ్రీలని పడుతుంది.

చౌడమ్మ ఎక్కి కూర్చుంటుంది. ఆకాశంలో నిలిచిపోయిన బకెట్ దిగి కట్టను కొరుకుతుంది. పన్నెండు బకెట్ల మట్టి, అంతే. నీళ్లు పక్క కాలువలోంచి కాలు తీసుకుని, తల వంచి ఇటు నడుస్తాయి. చౌడమ్మ ఇంజన్ ఆపి, ఆ చప్పుడు వింటూ చీర చెంగుతో మొహం తుడుచుకుంటుంది. ఈసారి కన్నీళ్లు కారతాయి, ఆమె ఆపుకోదు.

అప్పుడు గుట్ట దిగి ఆరు ఊళ్ల బిందెలు వస్తాయి. మనుషులెవరూ తోడు లేరు. ఇత్తడివి, స్టీలువి, మూతి విరిగిన ప్లాస్టిక్‌వి, ఇన్నేళ్లు ట్యాంకరు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నవి, ఇవాళ మాటా మంతీ లేకుండా బారు తీరి మునుగుతాయి. నిండిన బిందె నిండినట్టే జానెడు లేచి, కొంగలాగా గుట్ట మీదుగా ఊళ్ల వైపు ఎగిరిపోతుంది. చౌడమ్మ ఊరి సొట్టబిందె మాత్రం వెనక్కి తిరిగొచ్చి దస్తగిరి తల మీద ఆగుతుంది.

“దోసిలి పట్టన్నా” అంటుంది చౌడమ్మ.

ఆయన పడతాడు. బిందె వంగుతుంది.