నాలుగు ఆఠీన్లు

ఐలయ్య తడి స్పాంజికి బొటనవేలు అద్ది, యాభై రెండో ముక్క కూడా లెక్కపెట్టి, కట్టకు రబ్బరు బ్యాండు వేశాడు. అది తొమ్మిదో కట్ట. ఇంకా ఏడు ఉన్నాయి. లెక్కపెట్టమని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మూలన గుడ్డ కప్పి ఉన్న మిషను పొద్దున్నే ఇంకో పదహారు కట్టలు పంచేసి ట్రేల్లో సర్దేసింది. అయినా చేతులు ఊరుకోలేదు.

శంషాబాద్ దాటాక ఉన్న ఆ క్లబ్బు మొదటి అంతస్తులో పేకాట గది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన నాలుగు బల్లలు. ఒక్కో బల్లకు నాలుగు మూలలా నాలుగు చిన్న డబ్బాలు. బ్రిడ్జి ఆటలో వేలంపాట నోటితో పాడరు. ఏ రంగు తురుపు చేస్తారో, ఎన్ని పట్లు తెస్తారో రాసి ఉన్న కార్డును ఆ డబ్బాలోంచి తీసి బల్ల మీద పెడతారు. ఏ ముక్క ఎవరికో రాసిన కాగితం చూసి ముక్కలు పంచి ట్రేల్లో సర్దడం, సాయంత్రం డబ్బాల్లో కార్డులు వరసగా గుచ్చడం, ఇవే ఐలయ్య పనులు. పదిహేడేళ్లుగా అవే. ముక్కలు తోసీ తోసీ బొటనవేలు అరిగి నున్నగా మెరుస్తుంటుంది.

పంచుతూ పంచుతూనే ఆట పట్టుబడింది. మధ్యాహ్నం సద్ది తిన్నాక స్టూలు మీద ముక్కలు పరిచి నాలుగు చేతులూ తనే ఆడేవాడు. మామిడిపల్లిలో ఇంటికి పోయాక కూడా అదే ధ్యాస. ఆ పొద్దున భార్య కొండమ్మ సద్దిడబ్బా కడుతూ అననే అంది.

"ఈ ఊళ్ల ఆ ఆట తెలిసినోనివి నువ్వొక్కనివే. ఎవనితోని ఆడ్తవయ్యా, బర్రెతోనా?"

"బర్రె నయమే. జర సోంచాయించి ఆడ్తది," అన్నాడు.

నవ్వాడు గానీ అసలు సంగతి చెప్పలేదు. శుక్రవారమే మేనేజరు అరవింద్ పిలిచి చెప్పాడు. "మిషిన్ వచ్చింది గద, ఇగ నీకేం పని పెద్దాయనా? సోమారం నుంచి రాకు." ఇవాళ ఆదివారం.

పదకొండు గంటలకు సిటీ నుంచి ఇంకో క్లబ్బు వాళ్లు పోటీకి దిగారు. అప్పుడే సెక్రటరీ జగదీశ్ ఫోను చెవిన పెట్టుకుని గదిలోకి వచ్చాడు. రిటైరైన ఇంజినీరు, పొడుగు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఆయన జోడీ ఢిల్లీలో విమానం ఎక్కనే లేదట. ఆ విమానం మీది కోపమంతా ఫోను మీద తీర్చుకుని ఐలయ్య వైపు చూశాడు.

"ఐలయ్యా, కూసో."

"సార్, నేనా?"

"ఆట తెలుసు గద నీకు. ఈ పత్తాలు మిషిన్ పంచింది, నువ్వు చూడలే. కూసో. గెలిస్తే నిన్ను ఈ రూంలనే ఉంచమని కమిటీకి నేను చెప్త. ఒక్కటి యాదుంచుకో. నేను చెప్పిన రంగు నువ్వు మార్చకు."

"సరే సార్."

పదిహేడేళ్లు తుడిచిన కుర్చీ అది. అంచు మీద కూర్చున్నాడు.

పదిహేను పంపకాలు అయ్యేసరికి రెండు జట్లూ దాదాపు సమానం. పదహారోది ఆఖరిది. అవే ముక్కలు పక్క గదిలో రెండో బల్ల మీద కూడా ఆడుతున్నారు. ఎవరు మేలుగా ఆడితే వాళ్లదే పందెం.

జగదీశ్ ఒక ఇస్పేటు పాడాడు. కుడివైపు కూర్చున్న ప్రియదర్శిని అనే ఆమె అడ్డం వచ్చి రెండు డైమన్లు పెట్టింది. ఐలయ్య ఎర్ర కార్డు తీసి డబుల్ చెప్పాడు. నా దగ్గర ఆఠీన్లున్నాయని దాని అర్థం. ఎడమవైపాయన మూడు డైమన్లకు పెంచాడు. జగదీశ్ మూడు ఆఠీన్లు పెట్టాడు.

ఐలయ్య గబగబా కూడుకున్నాడు. సారుకు నాలుగు, తనకు నాలుగు. మొత్తం ఎనిమిది. ఇంతకంటే మంచి తురుపు ఉండదు. ఇస్పేట్లలో సారు దగ్గర బొమ్మలుంటాయి, నిజమే. బొమ్మలు తురుపు కాకపోయినా పట్లు తెస్తాయి. చిన్న ముక్కలకే తురుపయితే తప్ప బతుకు లేదు. స్టూలు మీద ఎన్నిసార్లు ఆడి చూసుకున్నాడో ఈ లెక్క.

బొటనవేలు డబ్బాలో నాలుగు ఆఠీన్ల కార్డును పట్టి వేలెడంత పైకి లేపింది. జగదీశ్ గొంతు సవరించుకున్నాడు, అంతే. ఊరికే సవరించుకున్నాడో ఏమో. నేను చెప్పిన రంగు మార్చకు. ఆయన మొదట చెప్పిన రంగు ఇస్పేటు. ఐలయ్య చెయ్యి పక్కకు జరిగి, నాలుగు ఇస్పేట్లు తీసి బల్ల మీద పెట్టింది.

పాట సారుదయింది గనక ఐలయ్య తన ముక్కలు బల్ల మీద పరిచినప్పుడు జగదీశ్ ముఖం చిన్నబోయింది. అవతలివాళ్లు డైమను ఆడారు, మళ్లీ డైమనే ఆడారు. సారు ఒక ఇస్పేటుతో కోయాల్సి వచ్చింది. మిగతా నాలుగూ వాళ్ల ఇస్పేట్లు లాగడానికే సరిపోయాయి. నాలుగు ఆఠీన్లు గెలిచాక చేతిలో ఏమీ మిగల్లేదు. పది పట్లు కావాలి, తొమ్మిదే వచ్చాయి. పక్క గదిలో అవతలి జట్టువాళ్లు అవే ముక్కలతో ఆఠీన్లు తురుపు చేసి పదీ తెచ్చుకున్నారని కబురొచ్చింది.

"ఆఠీన్లు చూపించిన గద నేను? చేతిల నాలుగు వెట్టుకొని ఇస్పేటుకు ఎందుకు ఉరికినవ్?" జగదీశ్ గొంతు మెట్ల దాకా వినబడింది. "రానోన్ని కూసోవెడ్తే గిట్లనే అయితది."

"పోనివ్వండి జగదీశ్ గారూ, పాపం ఆయనకేం తెలుస్తుంది?" అంది ప్రియదర్శిని. మంచి మనసుతోనే అంది.

మీరే మార్చొద్దన్నరు గద సార్. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. "తప్పయింది సార్," అన్నాడు ఐలయ్య. లేచి, అలవాటు కొద్దీ, అందరికీ చాయ్ తెచ్చాడు. జగదీశ్ తల ఎత్తకుండానే కప్పు అందుకున్నాడు.

అయిదింటికి గది ఖాళీ అయ్యింది. అరవింద్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సారేమన్నా అన్నడా?"

"ఏమన్లే బిడ్డా."

"అయితే చావి ఇచ్చిపో."

ఐలయ్య చొక్కా జేబులోంచి గది తాళంచెవి తీసి ఇచ్చాడు. గుడ్డలు దులిపాడు, ముక్కల కట్టలు బీరువాలో పెట్టాడు. బల్లకో నాలుగు చొప్పున డబ్బాలన్నీ సర్దుతూ వచ్చి, తను కూర్చున్న కుర్చీ దగ్గర ఆగాడు. అక్కడి డబ్బా మీదికి చెయ్యి పోయింది. దాన్ని సర్దకుండానే చెయ్యి వెనక్కి తీసుకుని, ఖాళీ సద్దిడబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

సోమవారం మిషను గుయ్యిమంటూ ముక్కలు పంచింది. ఐలయ్య కూర్చున్న మూల డబ్బాలో మాత్రం నాలుగు ఆఠీన్ల కార్డు ఒక్కటి, మిగతావాటికంటే వేలెడంత పైకి లేచి, అట్లాగే ఉంది.