లారీ వెనక ఈమెయిల్

ఆగండాగండి, చేతిలో పని కాసేపు పక్కనపెట్టి ఇది వినండి!

మండపేటలో చంద్రరావుగారి రైసుమిల్లుకి వెబ్‌సైట్ చేసింది వాళ్లమ్మాయి లావణ్య. ఈమెయిల్ అడ్రస్ ఇంతింత అక్షరాలతో పైనే పెట్టించారాయన. "బోర్డు పెట్టేదే కనపడ్డానికి కదే!" అని. నెల తిరక్కుండా రోజుకి నాలుగొందల చెత్త మెయిళ్లు! లాటరీ తగిలిందని ఒకడు, జుట్టు మొలిపిస్తానని ఇంకొకడు. కేరళ షావుకారు ఉప్పుడు బియ్యం శాంపిల్ అడుగుతూ రాయించిన మెయిల్ అందులో కూరుకుపోయింది. ఆయన ఫోన్ చేసి, "శుక్రవారం మళ్లీ రాయిస్తా. ఈసారీ జవాబు లేకపోతే వేరే మిల్లు చూసుకుంటా" అనేశాడు. ఆయన ఆర్డర్ పోతే ఈ సీజన్లో సగం రోజులు మిల్లు ఆపుకోవాల్సిందే.

"మన అడ్రస్ వీళ్లందరికీ ఎవడిచ్చాడే?"

"మనమే నాన్నా! ఎక్కడ అడ్రస్ కనపడినా ఏరుకుపోయే ప్రోగ్రాములుంటాయి. వడ్లు ఎండబోసి కాపలా లేకుండా వదిలేస్తే పిచ్చికలు ఊరుకుంటాయా?"

"అయితే ఏదోటి కప్పు!"

"ఇది మూసేసి కొత్తది తీసుకుందాం. సైట్‌లో అడ్రస్ బదులు ఫారం పెడతా."

"ఫారాలు నింపడానికి ఆ షావుకారేమన్నా రేషన్ కార్డుకొచ్చాడా?"

కొత్త అడ్రస్ తీశారో లేదో, చంద్రరావుగారు పెయింటర్ని పిలిచి దాన్ని లారీ వెనక పసుప్పచ్చగా రాయించేశారు. "అమ్మాయిగారూ, వెనకొచ్చేవాడు హారన్ కొడతాడు గానీ మెయిల్ కొడతాడాండి?" అన్నాడు డ్రైవర్ లోవరాజు.

లావణ్య పడీపడీ నవ్వుతూ టక్కున ఆగిపోయింది. ఫొటో! ఫొటోలో అక్షరాలు చదివే ఓపిక ఆ ప్రోగ్రాముల్లో చాలావాటికి ఉండదు! లారీ వెనక భాగం ఫొటో తీసి సైట్‌లో పెట్టేసింది. "మా కొత్త అడ్రస్ సైట్‌లో చూసుకోండి, లారీయే చెప్తుంది!" అని కేరళకి గొప్పగా ఫోన్ కొట్టారు చంద్రరావుగారు.

చెత్త మొత్తం ఆగిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా అసలు ఏ మెయిలూ రాలేదు!

లావణ్యే ఫోన్ చేసింది. ఎత్తింది షావుకారి గుమస్తా, ఏళ్లతరబడి మన మిల్లులతో మాట్లాడి తెలుగు నేర్చుకున్నాయన.

"అడ్రస్ ఎక్కడుందమ్మా? నాకు చూపు లేదు. స్క్రీన్ మీదున్నది నా ఫోనే చదివి వినిపిస్తుంది. మీ పేజీలో 'ఫొటో' అనేసి ఊరుకుంటోంది."

లావణ్య నాలిక్కరుచుకుంది. అక్షరం అక్షరం చెప్పింది. పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది, సాయంత్రానికి లోవరాజు శాంపిల్ సంచితో బయల్దేరాడు.

"గెలిచేశాం కదే!" అన్నారు చంద్రరావుగారు.

మరి ఫోన్ చెయ్యకుండా వెనక్కిపోయినవాళ్లు ఇంకెంతమందో? ఫొటో కింద అడ్రస్ అక్షరాల్లో రాస్తే గుమస్తా ఫోన్ చదువుతుంది, పిచ్చికలూ చదువుతాయి. లావణ్య ఇంకా కీబోర్డ్ మీద వేళ్లు పెట్టుకుని కూర్చునే ఉంది.

మీరైతే ఏం చేస్తారండి?