వీపు మీది ఎరుపు

“పెద్దదాని వీపు కింద ఇంకో దిండు పెట్టవే, అలా నిలబడ్డావేం,” అన్నారు అత్తయ్య. పెట్టాను. ఆ దిండు నాదే.

మా తోడికోడలికి గుండె రక్తనాళంలో అడ్డుపడితే, నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్నటి గొట్టం లోపలికి పంపి సరిచేశారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అక్కకి మంచం మీదే అన్నీ. బావగారు స్వయంగా మందులు అందిస్తున్నారు. తాగిన గ్లాసు తీయడం తెలియని మా ఆయన వదినకి పళ్ళు కోసి పెడుతున్నాడు. గర్భసంచి తీసేసి నన్ను ఇంటికి తెచ్చినప్పుడు ఇదే మనిషి, మెల్లిగా లేచి తిరుగు, ఒంటికి మంచిది అన్నాడు. ఆ తిరుగుడు వంటింటి దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

ఇలాంటి చికిత్సల్లో రోగి చర్మం మీద ఎంత రేడియేషన్ పడిందో అంచనా కట్టడం నా ఉద్యోగం. పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని; అదేం పనే అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. యంత్రం తెర మీద ఒక అంకె చూపిస్తుంది. అది యంత్రం తనకు తాను అనుకున్న చోటిది, చర్మానిది కాదు. బల్ల ఎంత ఎత్తులో ఉంది, కిరణం ఎటునుంచి వచ్చింది, ఎంతసేపు ఒకే చోట పడింది, ఇవన్నీ చూస్తేగానీ అసలు సంగతి తేలదు. అక్కకి పడిన అడ్డు మొండిది. బల్ల బాగా దించి, అంటే కిందనుంచి వచ్చే కిరణానికి దగ్గరగా ఉంచి, కోణం మార్చకుండా చాలాసేపు పనిచేశారు. పడిందంతా వీపు మీద కుడి రెక్క ఎముక కింద అరచేయంత చోటే పడింది. తెర మీది అంకె ఫరవాలేదంటోంది. నా లెక్క మాత్రం, రెండు మూడు వారాల్లో అక్కడ ఎర్రబడొచ్చు, పుండు కూడా పడొచ్చు, రోజూ చూడాలి అంటోంది.

ఓర్వలేక ఎక్కువ వేశానేమోనని నాకే అనుమానం వచ్చింది. మళ్ళీ మొదట్నుంచీ వేశాను. ఈసారి ఇంకాస్త ఎక్కువే వచ్చింది. డాక్టరుగారు చూసి ఒప్పుకున్నారు, ఇంట్లో చెప్పమన్నారు.

భోజనాల దగ్గర, గదిలో ఉన్న అక్కకీ వినబడేలా చెప్పాను. ఆఫీసు గోల ఇంట్లో ఎందుకు, కోలుకుంటున్న మనిషిని భయపెట్టకు అన్నాడు మా ఆయన, మజ్జిగ కోసం చెయ్యి చాపుతూ. అత్తయ్య నా మొహం కూడా చూడలేదు.

“దానికి నాలుగు రోజులు సేవ జరిగేసరికి నీకు కళ్ళు కుట్టాయి. వీపు కాలుతుందట, వీపు.”

కళ్ళు కుట్టిన మాట నిజం. లెక్కా నిజమే. రెండూ ఒకే మనిషి దగ్గరుంటే, ఇంట్లోవాళ్ళు తమకు పని తగ్గించేదాన్నే నమ్ముతారు.

అప్పట్నుంచి దుప్పటి మార్చే వంకతో ఆ వీపు చూస్తూనే ఉన్నాను. చూడడం పైకి. లోపల ఎదురుచూడడం. ఎర్రబడితే అందర్నీ పిలిచి చూపించాలి, ఒక్కరైనా తలదించుకోవాలి.

నిన్న మధ్యాహ్నం తలుపు దగ్గరకేసి, సరిగ్గా చూస్తాను, అటు తిరగమన్నాను. తిరిగింది. చర్మం మామూలుగానే ఉంది.

“ఎర్రబడిందా?”

“లేదక్కా.”

“కిటికీ తెర తీసి చూడు.”

తీసి చూశాను. లేదు. ఇంకా రోజులున్నాయి, రేపూ చూస్తానన్నాను. ఆవిడ ఇటు తిరగలేదు.

“ఈ వారంలో ఎర్రబడుతుందంటావా? సోమవారం నుంచి వంటింట్లోకి రమ్మన్నారు అత్తయ్య. పెళ్ళయ్యాక ఇన్ని రోజులు నడుం వాల్చడం ఇదే మొదలే.”

నా చెయ్యి ఆ చోటే ఉండిపోయింది. ఆ ఎరుపు కోసం ఇద్దరం కాచుకుని ఉన్నాం. నేను గెలవడానికి, ఆవిడ పడుకోవడానికి.

వంటింట్లోంచి అత్తయ్య పిలుస్తున్నారు, కూరలు తరగాలట, ఎక్కడ చచ్చావే అని.

“కొంచెం జరుగక్కా,” అన్నాను.

జరిగింది. నా దిండులో సగం నాకిచ్చింది.